సహనానికి షీల్డు

మా ఊరి సేవాసంఘం ఈ ఏడాది నాకు అవార్డిచ్చింది. షీల్డు మీద నా పేరు కింద "సహనమూర్తి" అని చెక్కించారు. ఎందుకయ్యా అంటే, చూపులేని ఆడపడుచుని ఇన్నేళ్ళుగా భరిస్తున్నందుకట. భరించడానికి ఆమేమైనా బియ్యం మూటా? ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా మటుకు నాకు అసలు మొగుడికంటే ఆ సగమే నయం. నా వంట కిక్కురుమనకుండా తింటున్నందుకు అవార్డేదైనా ఉంటే అది ఆమెకివ్వాలి.

వీధిలో అందరూ ఆమెని ఆపరేటరమ్మ అంటారు. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ల దగ్గర పని. చదువుకునే రోజుల్లో జ్వరమొచ్చి చూపు పోయింది. కొత్తలో చుట్టాలొచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చిపోయేవారట. ఆ ఏడుపులు వినలేక ఒకరోజు చేతికర్ర పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయానని చెబుతుంది. కాలవలో పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఆ తర్వాత పడటం మానేసింది.

మేమిద్దరం బజారుకెళ్తే ఆమె నా మోచెయ్యి పట్టుకుంటుంది. చూసినవాళ్ళు "అయ్యో, ఎంత ఓపికమ్మా నీకు!" అని నన్ను మెచ్చుకుంటారు. నిజమేమిటంటే నాకు దారులు గుర్తుండవు. పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచి ఏ సందు ఎటు పోతుందో నాకు తెలిసిన పాపాన పోలేదు. "రొట్టెల వాసనొచ్చింది, ఇక్కడ కుడికి తిరుగు వదినా" అని ఆమె అంటే నేను తిరుగుతాను. గుంటలు చూడటం నా పని, దారి చూడటం ఆమె పని.

ఆదివారాలు ఆమె నడిపే గది ఒకటుంది, దాని సంగతి ఫోనులోనే మొదలైంది. ఒక లారీ డ్రైవరు భార్య ఆసుపత్రికి ఫోన్ చేసి కళ్ళ డాక్టరు కావాలంది. ప్రమాదంలో ఆయనకి చూపు పోయిందట, మంచం దిగడట, గడ్డం కూడా గీయనివ్వడట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. లైను డాక్టరుకి కలపాల్సిన ఈ మహాతల్లి, "ముందు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టమ్మా" అంది. ఆయన బూతులు లంకించుకున్నాడు. "గొంతు బాగానే ఉందే! ఆదివారం వస్తా, ఎదురుగా తిడుదురుగాని" అని పెట్టేసింది. అన్నంత పనీ చేసింది. నన్నూ లాక్కెళ్ళింది. దారి ఆమే చెప్పిందని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

డ్రైవరు తర్వాత చూపు పోయిన ఒక టీచరమ్మ, ఆమె తర్వాత ఇంకొకరు. ఇళ్ళల్లో నేర్పడం వీలు కాదు. అడుగు తీసి అడుగేస్తే చాలు, "పడతావు, కూర్చో" అని ఇంటిల్లిపాదీ అరుస్తారు. అందుకని సేవాసంఘం హాలు వెనకగది అడిగి తీసుకుంది. టీ ఒలక్కుండా పోసుకోవడం, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, కర్రతో బస్టాపు దాకా వెళ్ళిరావడం, అన్నీ అక్కడే నేర్పుతుంది. ఎవరైనా ఏడిస్తే ఏడవనిస్తుంది. ఎవరైనా జాలి పడితే బయటికి పంపిస్తుంది. బస్సుల్లో స్టాపు పేరు పైకి చెప్పాలని ఆ గదిలోవాళ్ళందర్నీ వెంటేసుకుని డిపో మేనేజరు ప్రాణం తోడేసింది. ఇప్పుడు చెబుతున్నారు.

అవార్డు కబురు చెప్పడానికి సంఘం కార్యదర్శి స్వయంగా ఇంటికొచ్చాడు. ఆపరేటరమ్మ ఎదురుగా కుర్చీలో ఉంది.

"మీ ఆడపడుచు కులాసానా?" అని నన్నడిగాడు.

"ఎదురుగానే ఉందిగా, అడగండి" అన్నాను.

అదేదో జోకైనట్టు నవ్వాడు. షీల్డు సంగతి చెప్పాడు. సభలో వదిన గురించి ఆడపడుచు రెండు మంచి మాటలు చెబితే బాగుంటుందని, అదీ నాకే చెప్పాడు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"అన్నట్టు, వెనకగది ఇక కుర్చీలు పెట్టుకోవడానికి కావాలండి. తాళం కూడా మార్పించాం. ఆవిడకి కాస్త మెల్లగా చెప్పండి."

"వింటూనే ఉన్నానండీ. మరి మావాళ్ళెక్కడికెళ్ళాలి?" అంది ఆపరేటరమ్మ.

"చూద్దాం అని చెప్పండమ్మా" అన్నాడు నాతో.

అరికాలి మంట నెత్తికెక్కింది. గది పోతే ఆ మనుషులంతా మళ్ళీ మంచాలెక్కుతారు. ఇంకో పక్క నాకు షీల్డు! ఆయన వీధి మలుపు తిరగకుండానే, ఆ షీల్డు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పేశాను. మా ఆయన మాత్రం పేపర్లోంచి తల ఎత్తకుండా, "తీసుకోవే, టీవీ పక్కన బాగుంటుంది" అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండటంలో ఆయన తర్వాతే ఎవరైనా.

"తీసుకో వదినా," అంది ఆపరేటరమ్మ. "ఊళ్ళో పెద్దమనుషులంతా వస్తారు. మైకుంటుంది. గది సంగతి అక్కడడుగుతా. నువ్వు చెయ్యాల్సింది ఒకటే, నోరు మూసుకోవాలి. ఏమడిగినా నా తరఫున జవాబు చెప్పకు."

"నీకేం, చెప్పేశావు. నాకది ఎంత కష్టమో ఎవరికి తెలుసు" అన్నాను.

సభ రోజు హాలు నిండిపోయింది. వెనక వరుసలో డ్రైవరూ, టీచరమ్మా, మిగతా గదివాళ్ళూ కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా పేరు పిలవగానే నేను లేచి నేరుగా హాలు పక్కనున్న వంటగది వైపు బయల్దేరాను. "ఎడమకి వదినా, మెట్లు ఎడమకి" అని ఆమె చెవిలో చెప్పింది. అలా ఆమె నన్ను వేదిక ఎక్కిస్తుంటే, నేనే ఆమెని ఎక్కిస్తున్నాననుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అధ్యక్షులవారు షీల్డు నాకందించారు. రెండు చేతులూ పెడితే గాని ఆగని బరువు. కార్యదర్శి మైకు నా మూతి దగ్గర పెట్టాడు.

"ఈ రోజు మీ ఆడపడుచుకి ఎలా అనిపిస్తోందో చెప్పండమ్మా."

పెదవులు బిగించాను. మళ్ళీ అడిగాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూశాను. ఆయన గొంతు వినిపించిన వైపు ఆపరేటరమ్మ చెయ్యి చాచి, మైకు అందుకుంది.

"మా వదినకి సహనమెక్కడుందో మాకింట్లో ఇంతవరకూ దొరకలేదండీ," అంది. హాలు నవ్వింది. "నాకెలా అనిపిస్తోందో చెబుతాను, కోపంగా ఉంది. ఇదే హాలు వెనకగదిలో చూపు పోయినవాళ్ళం బతకడం నేర్చుకుంటున్నాం. దాన్ని కుర్చీలకిచ్చి తాళం మార్చారు. మావాళ్ళెక్కడికెళ్ళాలని నేనడిగితే జవాబు మా వదినకి చెప్పారు. ఇవాళ అందరి ముందూ అడుగుతున్నాను. జవాబు నాకు చెప్పండి."

నవ్వు ఆగిపోయింది. కార్యదర్శి గబగబా నా చెవి దగ్గరికి వంగాడు. ఆమె పనేమిటో ఆయన మరిచిపోయాడు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో విని లైను కలపడం ఆమెకి రోజూ ఉండే పనే. గుసగుస ఎటు నుంచి వస్తోందో విని, మైకు తీసుకెళ్ళి సరిగ్గా ఆయన నోటి కింద పెట్టింది.

"ఇక్కడ గొడవ చెయ్యొద్దని చెప్పండమ్మా ఆవిడకి. ఏదో జాలిపడి గదిచ్చాం, నెత్తికెక్కితే ఎలా?"

హాలంతా వినిపించింది. ఆయన గొంతు ఆయనకే స్పీకర్లలోంచి తిరిగొచ్చింది.

"నాకు కలపాల్సిన లైను అటు వెళ్ళిందండీ," అంది ఆపరేటరమ్మ. "ఇప్పుడు కలిపాను. మాట్లాడండి."

వెనక నుంచి డ్రైవరు కర్రతో నేల మీద కొట్టాడు. టీచరమ్మ కొట్టింది. ఇంకొకరు, ఇంకొకరు. కళ్ళొత్తుకున్న ఆవిడ కర్ర లేక కుర్చీ చేతి మీద కొట్టింది. అధ్యక్షులవారు కార్యదర్శి వైపు పళ్ళు కొరుకుతూ చూశారు. కార్యదర్శి తేలు కుట్టిన దొంగలా ఆపరేటరమ్మ వైపు తిరిగాడు.

"మీరు... గది మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్."

"తాళంచెవి?"

జేబులోంచి గుత్తి తీశాడు. అందులోంచి కొత్త తాళంచెవి ఊడదీశాడు. ఊడదీసి, అలవాటు ఎక్కడికి పోతుంది, తీసుకొచ్చి నా ముందు చాచాడు.

అప్పటిదాకా మూసుకున్న నోరు తెరిచాను.

"నా చేతులు ఖాళీ లేవండీ" అన్నాను. ఆమె చెయ్యి అప్పటికే చాచి ఉంది.