వెలగని సగం

అమెరికాలో, ఒమాహా ఊళ్లోని ఆ పెద్దాసుపత్రిలో లోర్నా కుచేరా స్కాన్లు తీయడం మొదలుపెట్టి ఒక తరం గడిచింది. ఎక్స్‌రేలు తగలకుండా ఒంటి మీద సీసపు కోటు, పాదాలకు వాపు, నోట్లో పరాచికం. మొదటి రెండూ ఉద్యోగం అంటగట్టినవి, మూడోది తను తెచ్చుకున్నది. అదీ లేకపోతే ఆ గదిలో మనిషన్నవాడు బతగ్గలడా? తెర మీద ఏం కనబడినా రోగికి చెప్పకూడదు, అది డాక్టరు నోటి వెంటే రావాలి. చెప్పకూడని మాటల చోట్లో ఆవిడ హాస్యాలు కుక్కేది.

ఆ రోజు బల్ల మీద మెర్ల్ టేటం ఉన్నాడు. పశువుల సంతలో వేలం వేసేవాడు, నాలుక మీద క్యాన్సర్ గడ్డ. తొడలోని రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి, కీమో మందును నేరుగా గడ్డకే అందించాలని డాక్టర్ల ఆలోచన. ముందు అదే దారిన జాడ చూపే ద్రవం పంపి స్కాన్ తీస్తారు. గడ్డంతా వెలిగితే మందూ అంతటికీ చేరుతుంది, నాలుక దక్కే ఆశ ఉంది. లేదంటే కోసెయ్యడమే.

సగమే వెలిగింది. నాలుక రెండో వైపు రక్తనాళంలోంచీ పంపి చూశారు, మిగతా సగం చీకటిగానే ఉండిపోయింది. డాక్టర్ రెయిన్స్ నిట్టూర్చి, సర్జన్‌తో మాట్లాడొస్తానని వెళ్లాడు.

గొట్టం తీశాక రక్తం ఆగేదాకా రెండు చేతులతో తొడ మీద గట్టిగా నొక్కి నిలబడాలి. ఆ పని లోర్నాది. నడుము పీకేస్తోంది, పక్కకి తప్పుకునే వీల్లేదు.

"ఏం లోర్నమ్మా, నోరు పడిపోయిందా?" అన్నాడు మెర్ల్. మాట ముద్దముద్దగా వస్తోంది. "పొద్దున నా బట్టతలని పుచ్చకాయన్నావ్ కదా!"

"కదలకండి బాబూ. అలిసిపోయాను."

"నాకా చెప్తున్నావ్? మొహాలు చూసే కదే ఇన్నాళ్లూ తిండి తిన్నాను. చెయ్యెత్తక ముందే ఎవడు కొంటాడో చెప్పేస్తా. నువ్వు నా వైపే చూడట్లేదు."

"డాక్టరుగారొచ్చి మాట్లాడతారు."

"అయితే పోయిందన్నమాట."

లోర్నా తల వంచుకుని తన చేతుల వంకే చూసింది. కళ్లు మాత్రం మాట వినలేదు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఛీ, దిక్కుమాలిన ఉద్యోగం!

మెర్ల్ మెల్లిగా చెయ్యి చాచి, దుప్పటి అంచుతో ఆవిడ చెంప తుడిచాడు. వరండాలో రెయిన్స్ అడుగుల చప్పుడు దగ్గరపడింది.

"గట్టిగా నొక్కు, వదలకు," అన్నాడు మెర్ల్ గొంతు తగ్గించి. "నువ్వేం చెప్పలేదులే. ఆయన చెప్పినప్పుడు, అప్పుడే విన్నట్టు ఏడుస్తా."