నీలం కర్రకు బెదిరే గుర్రం

హైదరాబాద్ నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో నా పక్కన పదో తరగతి వయసు పిల్ల కూర్చుంది. ఒళ్లో హెల్మెట్. బండి నడుపుతావా అని అడిగితే, జూనియర్ల గుర్రపు స్వారీ పోటీల నుంచి వస్తున్నానంది.

"గెలిచినవా?"

"లే అక్కా. పొద్దుగాల చీటీలు తీసి గుర్రాలిస్తరు. నేను రోజూ ఎక్కే గుర్రం వేరే పిల్లకు పోయింది. గామెనే గెలిచింది."

మళ్లీ తనే అంది. "గా గుర్రం అడ్డంగ నీలం కర్ర కనబడితే బెదురుతది, దుంకదు. ముందుగాల మెడ మీద చెయ్యేస్తే నిమ్మలమైతది. గామెకు చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్? చెప్పకుంటే నువ్వే గెలుస్తుంటివి గద."

"చెప్పకుంటే కొరడా దెబ్బలు గుర్రానికి పడుతయి."

కరీంనగర్‌లో దిగి, వేములవాడ బస్సు కోసం పరుగెత్తింది. ఆ పిల్ల పేరైనా నేను అడగలేదు.

మొన్నామధ్య నాకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన టీచర్‌కు నా తరగతి అప్పగించి, బడి గేటు దాకా వచ్చినదాన్ని మళ్లీ వెనక్కి వెళ్లాను.

"మేడం, మూడో బెంచీల పిల్లగాడు గట్టిగ అడిగితే వచ్చిన లెక్క గూడ మర్చిపోతడు. జర పక్కన కూసొని అడుగున్రి."