మామ నేర్పిన పరుగు

పరుగు కూడా ఒకరు నేర్పాలా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేర్పుతారు. నాకు మా మేనమామ నేర్పాడు. వెనక బండి కట్టి, చేత ముల్లుగర్ర పట్టుకొని నేర్పాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. మిర్యాలగూడలో హాస్టల్లో ఉండి నాలుగు అక్షరాలు నేర్చుకొని, చివ్వెంల దిక్కున ఉన్న మా ఊరికి తిరిగొచ్చాను. యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, ఇక అందరికీ మంచి రోజులేనని హాస్టల్లో మిఠాయి పంచారు. ఊరికి వచ్చి చూద్దును కదా, కమ్యూనిస్టులకు జడిసి పట్నం పారిపోయిన మా దొర మిలిటరీ లారీల వెనకే వచ్చి మళ్లీ తన కోటలాంటి గడీలో కూర్చున్నాడు. వెట్టి ఎప్పటిలాగే నడుస్తోంది. మంచి రోజులట, వాళ్ల తలకాయ!

మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అవ్వ (మా అమ్మను అలాగే పిలుస్తాం), చెల్లె, అవ్వ తమ్ముడైన మామ. మామ పని దొర బండి ముందు ఉరకడం. దొర సూర్యాపేటకు వెళ్లినా, కోదాడకు వెళ్లినా, సవారి బండికి ముందు ఒక మనిషి "దొర వస్తున్నడు, జరుగుండ్రి" అని అరుస్తూ పరుగెత్తాలి. దానికి జీతం లేదు. అది మా ఇంటి మీద పడ్డ వెట్టి, తాతల నాటి నుంచి ఉంది.

ఆ ఏడు దొర బిడ్డకు కోదాడ దిక్కు సంబంధం కుదిరింది. పెళ్లికూతురితో పాటు ఒక ఆడపిల్లను అత్తవారింటికి పంపడం దొరల మర్యాద. ఆ పిల్లను ఆడబాప అంటారు. ఆమెకు పెళ్లీ పెటాకులూ ఉండవు. ఆ ఇంట్లో ఎవరు ఏ పనికి పిలిచినా వెళ్లాలి, ఏ గదిలోకి పిలిచినా వెళ్లాలి. ఈసారి మా చెల్లెను పంపమన్నారు. అడగలేదు, మనిషితో చెప్పి పంపారు. అవ్వ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మాకు కనిపించిన దారి ఒక్కటే. పక్క ఊరివాడొకడు పోలీసుల్లో చేరాడు. వాడు ఖాకీ బట్టలతో ఇంటికొచ్చిన మరునాటి నుంచి వాళ్ల తల్లిని గడీకి రమ్మని ఎవ్వరూ పిలవలేదు. సూర్యాపేటలో మళ్లీ భర్తీ ఉందనీ, చదవడం రాయడం వచ్చినవాళ్లు కావాలనీ తెలిసింది. చదువు నాకుంది. కాని మైదానంలో రెండు ఫర్లాంగులు ఉరికించి, ముందొచ్చిన కొద్దిమందినే తీసుకుంటారట. నేను పుట్టి బుద్ధెరిగాక బస్సు వెనక కూడా ఉరికినవాణ్ని కాను.

"హాస్టల్ల కూసొని కూసొని పిర్రలు గుమ్మడికాయలైనయ్ గదరా! ఉరుకుతవా, దొర్లుతవా?" అన్నాడు మామ.

తెల్లవారుజామున కోదాడ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. నా ప్రతాపం చూపిద్దామని మొదటి అడుగే ప్రాణం పెట్టి ఉరికాను. మూడో తంతి స్తంభం దగ్గర రాత్రి తిన్నదంతా కక్కాను. మామ కడుపు పట్టుకొని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చంపెయ్యాలనిపిస్తుంది.

"గట్ల ఉరికేది కుక్కను జూసిన పిల్లి. ఈ స్తంభం కాడికి ఉరుకు, ఆ స్తంభం కాడికి నడువు. మల్ల ఉరుకు. ఊపిరి నీ మాట ఇన్నంక రెండు స్తంభాలు ఉరుకుదువు గాని."

అలాగే చేశాను. మామ మా ఎడ్లబండి తోలుకుంటూ నా వెనకే వచ్చేవాడు. నేను వెనకబడితే ఎద్దుల ఊపిరి వీపుకు తగిలేది. ఇంకా వెనకబడితే ముల్లుగర్ర పిక్కకు తగిలేది. ఉరుకుతూనే "దొర వస్తున్నడు, జరుగుండ్రి" అని అరవమనేవాడు. నేను అరవనంటే రెండు తగిలించేవాడు.

"ఒర్రుకుంట ఉరికితెనే ఊపిరి పెరుగుతది. నాకు తెల్వదా?"

అన్నిటికంటే పెద్ద నియమం ఆయన గొంతు. ఉరుకు అంటే ఉరకాలి, ఆగు అంటే ఆగాలి. ఆగు అన్నాక ఇంకొక్క అడుగు పడితే కర్ర పడేది. బండి ముందు ఉరికేవాడు పిలుపు వినగానే ఆగకపోతే చక్రం మీదికి వస్తుంది. మామ ఎడమ కాలికి రెండు వేళ్లు అలాగే పోయాయి. మైదానంలో బండి ఉండదు కదా మామా అంటే వినలేదు. ఆయనకు తెలిసిన పరుగు అదొక్కటే.

పిక్కలు వాచిన రోజు మాత్రం ఉరకనివ్వలేదు. "వాపు మీద ఉరికితే ఎద్దు సుత కుంటిదైతది, పండుకో" అని, అవ్వతో ఆముదం రాయించాడు. చెల్లె గంజి తెచ్చిచ్చి, నా నడక చూసి పకపకా నవ్వేది. "నీకంటె మన బర్రె నయ్యం అన్నా" అనేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు. "ఖాకీ బట్టలేసుకొని గడీ ముంగట ఒక్కసారి నడువు అన్నా. నేను సాటుంగ నిలవడి సూస్త" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

భర్తీ నాటికి స్తంభాలు లెక్కపెట్టడం మానేశాను, అంత బాగా ఉరుకుతున్నాను. మామ జ్వరమని గడీకి అబద్ధం కబురు పంపి నాతో సూర్యాపేట వచ్చాడు. మైదానం చివర, గెలుపు గీత దగ్గర నిలబడ్డాడు.

ఈల వేశారు. అందరూ దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయారు. నేను మామ చెప్పినట్టు ఊపిరి చేతిలో పెట్టుకొని వెళ్లాను. సగం దాటేసరికి వాళ్లు రొప్పుతున్నారు, నేను రొప్పడం లేదు. ఒక్కొక్కణ్నే దాటేశాను. నా ముందు ఒక్కడే మిగిలాడు. "ఉరుకు అల్లుడా, ఉరుకు!" అని మామ ఎగురుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

అప్పుడు గజ్జెల చప్పుడు వినిపించింది. భర్తీ చేసే ఆఫీసరు పిలిస్తే మా దొర చూడ్డానికి వచ్చాడు. షామియానా అవతలి పక్క ఉందని ఆయన సవారి బండిని మైదానానికి అడ్డంగా తోలిస్తున్నాడు. బండి ముందు ఉరికే మనిషి లేడు. మామ అది చూశాడు. చూడగానే ఏమైందో ఆ దేవుడికే తెలియాలి, గొంతు చించుకొని అరిచాడు.

"ఆగు! దొర!"

నేను ఆగాను. ఆలోచించలేదు, కాళ్లే ఆగిపోయాయి. నడుము వంగింది, చేతులు జోడయ్యాయి. వెనక వస్తున్నవాళ్లు నన్ను దాటి, ఎద్దుల మూతుల ముందు నుంచే ఉరికిపోయారు. నేను తలెత్తేసరికి పందెం ఖతం.

ఆఫీసరు మద్రాసు వైపు మనిషి. "మధ్యలో ఆగేవాడు పోలీసెలా అవుతాడయ్యా? దొంగ ఎదురైతే దణ్ణం పెడతాడా?" అన్నాడు. అందరూ నవ్వారు.

దొర కూడా నవ్వాడు. మామను చేత్తో పిలిచాడు. "జొరమొచ్చిందంటివి గదరా? పోనీ తియ్. నీ అల్లుడు మంచిగ ఉరుకుతున్నడు. బిడ్డను పంపే నాడు బండి ముంగట వీణ్నే పెట్టు."

"నీ బాంచెన్ దొరా," అన్నాడు మామ. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "నేనే నేర్పిన," అన్నాడు.

ఇంటికి వచ్చే దారంతా మామ తన నోటి మీద తానే కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది. కొట్టుకోనీ అనుకున్నాను. నేను ఆపలేదు.

పెళ్లయ్యాక ఆ కోదాడ రోడ్డు మీదే పెళ్లికూతురి బండి బయలుదేరింది. వెనక పెట్టెల నడుమ చెల్లెను కూర్చోబెట్టారు. ఊళ్లు వచ్చినప్పుడల్లా ముందు నేను అరుస్తూ ఉరికాను, ఊళ్ల నడుమ నడిచాను. ఎక్కడా ఆయాసం రాలేదు. రావాలని, కుప్పకూలి చావాలని కోరుకున్నాను. రాలేదు.

కోదాడలో పెళ్లికొడుకు ఇంటి ముందు బండి ఆగింది. అరుగు మీది పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "కుర్రాడు భలేగా పరిగెత్తుకొచ్చాడే! వీడికి కాసిని మంచినీళ్లు పొయ్యండి" అన్నాడు. కొత్తగా వచ్చిన పిల్లకు ఆ ఇంట్లో అదే మొదటి పని. చెల్లె చెంబుతో వచ్చి నా దోసిట్లో నీళ్లు పోసింది.

"మస్తు ఉరికినవ్ అన్నా," అంది. వెక్కిరించలేదు, నిజంగానే అంది.

ఇంకా పొయ్యమని దోసిలి పట్టాను. లోపలి నుంచి ఎవరో మగమనిషి "ఏయ్ పిల్లా, ఇటు రా" అని పిలిచాడు. చెల్లె చెంబు నా పక్కన నేల మీద పెట్టి లోపలికి వెళ్లింది.