బావమరిది గాలి కట్టేసిందెవరు?

బుడుంగు తన బావమరిది సిలిండరు వాల్వు కట్టేశాడనీ, నీళ్ళ అడుగున వాడు గిలగిల్లాడుతుంటే మళ్ళీ తానే గాలి అందించి పెద్దమనిషి అనిపించుకున్నాడనీ వీధి వీధంతా కోడై కూస్తోంది. రొట్టెల కొట్టు దగ్గర ఒక రకంగా, మందుల షాపు దగ్గర ఇంకో రకంగా చెబుతున్నారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగినవాళ్ళు కారు. బుడుంగుకి అసూయ లేదని ఎవరూ అనరు. నిలువెల్లా ఉంది. కానీ అసూయ వేరు, ఆ పని వేరు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే పోయేదేముంది?

బుడుంగు అంటే రేవు పక్కన స్కూబా షాపులో డైవింగు నేర్పే మనిషి. ఉండేది సందు చివర మేడ మీది వాటాలో. భార్య డైవర్ల రబ్బరు సూట్లు చిరిగితే అతుకులు వేస్తుంది, పట్టీలు కుడుతుంది. వాళ్ళ బాత్రూములో ఎప్పుడూ ఒక నల్లసూటు ఆరేసి ఉంటుంది. చుట్టాలెవరైనా తలుపు తీస్తే లోపల ఎవరో నిలబడ్డట్టు కనిపించి కెవ్వుమంటారు.

రేవులో అతని దగ్గర నేర్చుకోని డైవరు లేడు. అతని పద్ధతి ఒకటే. వీపు మీద ఒక సిలిండరు. గుండెల మీద పచ్చరంగు గొట్టంతో అదనపు మౌత్‌పీసు, పక్కవాడికి గాలి అందకపోతే అది అందుకుంటాడు. సిలిండరు వాల్వు పూర్తిగా తెరిచి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. ఎందుకని అడిగితే, "మా గురువు నాకు చెప్పాడు, నేను మీకు చెబుతున్నాను, మీరు చెయ్యండి," అంతే.

అలాంటి చోటికి దిగాడు బావమరిది. ఎక్కడో పెద్ద శిక్షణ అయి వచ్చాడు. అక్క ఉన్న ఊరు కదా అని అదే షాపులో చేరాడు. వాడి పద్ధతి తలకిందులు. సిలిండర్లు రెండు, అవి వీపు మీద కాదు, రెండు చంకల కింద.

"ఇదేమిట్రా, సంతలో గుమ్మడికాయలు మోసుకొస్తున్నట్టు!" అన్నాడు బుడుంగు మొదటిరోజే.

"గుమ్మడికాయలైతే ఏం బావా, నా వాల్వులు నా కళ్ళ ముందుంటాయి. నీ వీపు మీద ఏం జరుగుతోందో నీకు కనపడుతుందా?"

"నా వీపు సంగతి నా వీపుకి తెలుసులే."

"ఆ పావు చుట్టు కూడా మానెయ్ బావా. తెరిస్తే పూర్తిగా తెరవాలి, మూస్తే పూర్తిగా మూయాలి. మధ్యలో ఈ పావులేమిటి?"

అన్నిటికంటే పెద్ద గొడవ మౌత్‌పీసు దగ్గర వచ్చింది. వాడి లెక్కలో, ఎదుటివాడికి గాలి అందకపోతే తన నోట్లో ఉన్నదే తీసి ఇచ్చెయ్యాలి. అది పనిచేస్తోందని తనకి తెలుసు కాబట్టి. తర్వాత మెడకు వేలాడే రెండో మౌత్‌పీసు తాను పెట్టుకుంటాడు.

"ఛీ, ఎంగిలి!" అన్నాడు బుడుంగు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పక్కున నవ్వారు. మర్నాటికి వాళ్ళలో సగంమంది బావమరిది వైపు చేరారు.

అక్కడ రాజుకుంది. ఎవరి క్లాసులో ఎక్కువ నవ్వులు వినిపిస్తున్నాయో గోడ అవతల నుంచి చెవి ఒగ్గి వినేవాడు బుడుంగు. ఇంట్లో భార్య తమ్ముడికి కొత్త పట్టీలు కుడుతుంటే వెనకే నిలబడి, "వాడికి రెండు వరసల కుట్టా? నాకెప్పుడూ ఒక వరసేగా?" అన్నాడు. ఆవిడ మిషను ఆపి మొగుడి మొహం చూసింది. "మీరు పెళ్ళయినప్పటి నుంచి ఆ పాత పట్టీలే వాడుతుంటే నేనేం కుట్టనండీ?"

చివరికి ఓనరు విసిగిపోయాడు. ఒకే షాపులో రెండు మతాలు కుదరవు. ఎవరో ఒకరిని పెద్ద శిక్షకుడిని చేస్తాను, అతని పద్ధతే అందరిదీ అన్నాడు. "ముందు మీరిద్దరూ జంటగా దిగండి. మునిగిన పడవ దాకా వెళ్ళి రండి. తర్వాత చూద్దాం."

డైవర్లకి ఒక అలవాటుంది. దిగేముందు ఒకరి సామాను ఇంకొకరు తడిమి చూడాలి. ఎంత కోపాలున్నా అది తప్పదు. ఆ రోజు బోటులో బావమరిది చెయ్యి చాచాడు.

"నా వీపు మీద చెయ్యి వెయ్యకు," అన్నాడు బుడుంగు. "నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళున్నారు ఈ రేవులో. నువ్వు నన్ను చూస్తావా?"

అని తానే చెయ్యి వెనక్కి పెట్టి వాల్వు పట్టుకున్నాడు. అది అప్పటికే తెరిచి ఉంది. బోటెక్కేముందు తానే తెరిచాడు. ఆ ఉక్రోషంలో అది గుర్తులేదు. ఆగేదాకా తిప్పాడు. చెయ్యి వీపు వెనక ఉండేసరికి ఏ వైపో తెలియలేదు, తిప్పింది మూసే వైపు. ఆపైన అలవాటు ప్రకారం పావు చుట్టు వెనక్కి. అంటే గాలికి మిగిలిన దారి ఆ పావే. పైన ఉన్నంతసేపు అది సరిపోయింది. గాలి ఎంతుందో చూపే గేజీ ముల్లు నిండుగా చూపించింది. పీలిస్తే గాలి వచ్చింది.

లోతుకు వెళ్ళేకొద్దీ గాలి ఎక్కువ కావాలి. పడవ కొయ్య కనిపించేసరికి బుడుంగుకి ఊపిరి తీయడం కష్టమైంది. పీల్చినప్పుడల్లా గేజీ ముల్లు ధబాలున కిందికి పడి మళ్ళీ లేస్తోంది. ఇంకో రెండు గుక్కలయ్యాక పీలిస్తే రాయి పీల్చినట్టుంది. ఎదురుగా బావమరిది. బుడుంగు చెయ్యి అలవాటుగా వాడి గుండెల మీద పచ్చగొట్టం కోసం వెతికింది. అక్కడేముంది? పట్టీలు తప్ప. ఆ వెతికే చేతిని చూడగానే బావమరిది తన నోట్లోది లాగి బుడుంగు నోట్లో పెట్టేశాడు. తన మెడలోది తాను అందుకున్నాడు. బావ వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి వాల్వు పూర్తిగా తెరిచాడు. బుడుంగు మళ్ళీ తన గాలికి మారాడు. ఇద్దరూ బోటు తాడు పట్టుకుని మెల్లగా పైకి వచ్చారు.

వెంట వచ్చి బోటులోంచి వంగి చూస్తున్న ఓనరుకి ఆ తేటనీళ్ళలో బుడగల మధ్య సగం సగం కనిపించింది. "గాలి పంచుకున్నారేమయ్యా, ఎవరిది ఆగింది?"

బుడుంగు నోరు తెరిచేలోగా బావమరిది అందుకున్నాడు. "నాదేనండీ. బావ ఇచ్చాడు."

ఓనరు బుడుంగు భుజం తట్టాడు. బుడుంగు కాదనలేదు. కాదంటే పదవి పోతుంది. ఊరుకుంటే నిన్నగాక మొన్న వచ్చిన పిల్లాడి దయ మీద పెద్దరికం నిలుస్తుంది. రెండూ గొంతు దిగేవి కావు.

ఇక వీధికి లెక్కలు కట్టడం ఎవరు నేర్పాలి? రెండు సిలిండర్లున్నవాడికి గాలి ఎలా ఆగుతుంది? ఎవరో కట్టేసి ఉండాలి. ఎవరికుంది కడుపుమంట? ఇంకెవరికి! ఆ మాట తిరిగి తిరిగి కుట్టుమిషను దగ్గరికి చేరింది. ఆవిడ తమ్ముణ్ణి పిలిచి అడిగింది. "అదేం లేదక్కా," అని వాడు నేల చూశాడు. నిజం చెబితే బావ పరువు పోతుందని వాడి బాధ. ఆవిడకి మాత్రం వాడు భయపడుతున్నట్టు కనిపించింది. ఆ రోజు నుంచి మొగుడికి కంచం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. ఒకే మంచం మీద మధ్యలో గోడ కట్టినట్టు అటు తిరిగి పడుకునేది.

ఓనరు బుడుంగునే పెద్ద శిక్షకుడిగా ప్రకటిస్తానన్న పొద్దున ఆవిడ షాపుకి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. బుడుంగు తొట్టి దగ్గర సామాను కడుగుతున్నాడు. ఓనరు కౌంటరు దగ్గర, బావమరిది గుమ్మంలో.

"ఏవండీ, అందరి ముందూ అడుగుతున్నాను. నా తమ్ముడి గాలి మీరే కట్టేశారా?"

"అక్కా, ఇక్కడెందుకు..." అన్నాడు తమ్ముడు.

"నువ్వుండరా. చెప్పండి. కట్టేశారంటే ఇవాళే వాణ్ణి తీసుకుని పుట్టింటికి పోతాను. లేదంటే, లేదని నా మొహం చూసి చెప్పండి."

బుడుంగు తడిచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఓనరు వైపు ఒకసారి చూశాడు.

"కట్టేసుకున్నది నా వాల్వే, నా చేత్తోనే. గాలి ఆగింది నాకు, ఇచ్చింది వీడు. ఓనరు గారూ, మీరూ వినండి, ఆ పదవి వీడికే ఇచ్చుకోండి. కానీ ఒకటి చెబుతా వినవే. నన్ను చూడగానే తన నోట్లోది లాగి ఇచ్చేశాడు, ఒక్క క్షణం ఆగలేదు. అదే వాడి గాలి ఆగి ఉంటే, నేను ఆగేవాణ్ణి. ఎంతసేపో తెలీదు, ఆగేవాణ్ణి. అందుకే వీడంటే నాకు ఇప్పటికీ పడదు."