గోవిందప్ప సార్ మిద్దె మీది ఆకాశం

ఈ సాయంత్రం అరలో డబ్బా ఒరిగి వంటింటి నేలంతా ముగ్గుపిండి అయింది. ఊడ్చేశాననుకున్నాను. ఇప్పుడు ఉత్త కాళ్ళతో నడుస్తుంటే అరికాలి కింద సన్నగా గరగరమంటోంది. అందరికీ ముగ్గుపిండితో పండగలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం గగనతలం తరగతులు, అంటే ఆకాశాన్ని 'ఏ' నుంచి 'జీ' దాకా విడదీసే పాఠాలు, గుర్తొస్తాయి. హిందూపురంలో ఒక మిద్దె, ఆ మిద్దె మీద తలకు తుండుగుడ్డ చుట్టుకుని కూర్చున్న గోవిందప్ప సార్ గుర్తొస్తారు.

సార్ విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా విమానాలకు దారి చెప్పిన మనిషి, తాను మాత్రం ఒక్కసారీ నడపలేదు. పైలట్ పరీక్షలు రాసేవాళ్ళకు ఇంట్లోనే పాఠాలు చెప్పేవారు. నేను ధర్మవరంలో మగ్గం ఇంటి పిల్లని. డిగ్రీ అయ్యాక పైలట్ అవుతానంటే నాయన సరేనన్నాడు. అవ్వ మాత్రం, "పైకి పోయినాక ఆకలైతే యాడ తింటావే?" అని దిగులుపడింది.

మా వీధిలో తలుపులు మూసి ఉండవు. "వదినా, ఉండావా?" అని కేకేసే మనిషి, ఆ వదిన పలికేలోపే మగ్గం పక్కన కూర్చుని ఉంటుంది. ఆ అలవాటుతోనే మొదటిరోజు "సార్, ఉండారా?" అంటూ మెట్లెక్కి ఆయన కుర్చీ ముందు నిలబడ్డాను.

"వెనక్కి పో," అన్నారు.

"యాడికి సార్?"

"మెట్ల కిందికి. లోపలికి వచ్చినాక అడిగితే అది అనుమతి కాదమ్మా, సమాచారం."

దిగి, కింద నుంచి అడిగి, రమ్మన్నాక మళ్ళీ ఎక్కాను. నా మొదటి పాఠం అదే.

మిద్దె మీద సార్, తన భార్య రుక్మిణమ్మగారి ముగ్గుపిండితో పెద్ద వలయం గీసి, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చునేవారు. స్టూలు టవర్, వలయం డీ క్లాసు, అంటే విమానాశ్రయం చుట్టూ ఉండే ఆకాశం. "బయటంతా జీ క్లాసు. గొర్రెలు మేపే బీడు మాదిరి. అడిగేవాడు లేడు, నీ చూపే నీకు దిక్కు. డీలోకి రావాలంటే ముందు రేడియోలో అడగల్ల, రమ్మన్నాకే రావల్ల. ఎవరు ఎదురొస్తాండారో టవర్ చెప్తాది. తప్పుకునేది మాత్రం నీ కండ్లే." నీళ్ళ ట్యాంకు గది 'ఏ' క్లాసు. అక్కడ పరికరాలను నమ్మి ఎగిరేవాళ్ళకే చోటు. కళ్ళతో చూసుకుంటూ ఎగిరే మాలాంటివాళ్ళు అటు చూడనే కూడదు.

నేను చేతులు చాచి విమానంలా వలయం అంచుకు వచ్చి అనుమతి అడిగేదాన్ని. ఒకరోజు ఆయన "స్టాండ్‌బై" అని కిందికి వెళ్ళిపోయారు. స్టాండ్‌బై అంటే ఉండమని, రమ్మని కాదు. విమానం గాల్లో ఆగదు కదా, అందుకని బయటే చుట్లు తిరుగుతున్నాను. ఎదురు మిద్దె ఆయన చాలాసేపు చూసి, వీధిలోకి వంగి అరిచాడు: "ఏమప్పా గోవిందప్పా, ఆ పిల్లకు దయ్యమేమన్నా పట్టిందా?"

కింద నుంచి సార్ గొంతు: "లేదప్పా, అనుమతి రాలేదు!"

ఎండుమిరపకాయలు ఎత్తడానికి వచ్చిన రుక్మిణమ్మగారు నన్ను చూసి, "ఇంగా తిరుగుతాండావా తల్లీ? రా, కాఫీ తాగుదువు," అన్నారు. వలయంలో కాలు పెట్టానో లేదో, మెట్ల దగ్గర సార్.

"ఎవరిచ్చినారు అనుమతి?"

"అమ్మగారు, సార్."

"ఆమె టవరా?"

"ఈ ఇంట్లో నేను కాక ఇంగెవరు టవరు?" అన్నారు రుక్మిణమ్మగారు.

సార్ కాస్త ఆలోచించారు. "అదీ నిజమే. పోయి తాగు."

ఒకసారి ధర్మవరం నుంచి నేనొచ్చే రైలును పెనుకొండ బయట సిగ్నల్ ఇవ్వక చాలాసేపు నిలిపేశారు. ఆలస్యంగా వచ్చి రైలును తిట్టుకుంటుంటే సార్ అడిగారు: "సిగ్నల్ లేకుండా పోలేదని డ్రైవర్ను పిరికోడు అన్నారా ఎవరన్నా?"

ఇంత నేర్చినా, ఫ్లయింగ్ స్కూల్లో పాత అలవాటు బయటపడింది. శిక్షకుడు పక్కనుండగానే, టవర్ జవాబు రాకముందే డీలోకి దూరిపోయాను. ఇంకోసారి జరిగితే ఇంటికి పంపిస్తామన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే, వేరే విమానాశ్రయానికి ఒంటరిగా వెళ్ళే రోజు వచ్చింది. దాని డీ సరిహద్దుకు ముందే టవర్‌ను పిలిచాను. "స్టాండ్‌బై" అన్నారు.

ఎదురుగా రన్‌వే కనిపిస్తోంది. నా పిలుపు విన్నారు కదా, ఇంకేం, పోదామంటోంది ప్రాణం. ఒక రాళ్ళగుట్ట మీద చుట్టు మొదలుపెట్టాను. మూడో చుట్టుకు నన్ను మరిచిపోయారనిపించింది. ఐదో చుట్టుకు కళ్ళలో నీళ్ళు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ "స్టాండ్‌బై". ఉన్నట్టుండి, దయ్యం పట్టిందా అన్న ఎదురు మిద్దె ఆయన గుర్తొచ్చి, ఒంటరిగా అంత ఎత్తున పకపకా నవ్వాను. ఏడో చుట్టులో, అప్పుడే పైకి లేచిన పెద్ద ప్రయాణికుల విమానం ఒకటి నేను పోవాలనుకున్న దారినే దాటిపోయింది. నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాతే అనుమతి వచ్చింది. టవర్ చెప్పిన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పి లోపలికి వెళ్ళాను.

ఆ రాత్రి సార్‌కు ఫోన్ చేశాను. "ఏడు చుట్లు తిరిగినా సార్."

"ఏడేనా? మా మిద్దె మీద పదకొండు తిరిగినావు," అన్నారు. గొంతు తగ్గించి, "బాగా నిలబడినావమ్మా," అన్నారు.

సార్ ఇప్పుడు లేరు. పాప పుట్టాక నేను భయస్తురాలినయ్యాను. మెట్లు, ప్లగ్గులు, వేరుశనగ గింజలు, అన్నీ నాకు ప్రమాదాలే. పాపకిప్పుడు ఐదేళ్ళు. ఈ మధ్య గది తలుపు దగ్గరికి వేసుకుని, బట్టలు తానే వేసుకుంటానంటోంది. ఇవాళ పొద్దున స్కూలు బస్సు హారన్ కొడుతోంది. నా చెయ్యి తలుపు మీద ఉంది. తోస్తే తెరుచుకుంటుంది.

"రావచ్చా?" అన్నాను.

"ఉండు!"

హాల్లో చుట్లు తిరిగాను. ఎన్నో లెక్కపెట్టలేదు. చివరికి, గౌను ముందుది వెనక్కి వేసుకుని, మహారాణిలా బయటికి వచ్చింది.

"సరిచెయ్యొచ్చా?" అని అడిగాను.

నన్ను కిందనుంచి పైదాకా చూసి, కాసేపు ఆలోచించి, "ఊ, చెయ్యి," అంది.