కిటికీలో ఏసీ

సుబేదారిలో నేను అద్దెకున్న పైగదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని కింద ఓనరమ్మ వాకిలి. భర్త పోయాక కింద ఆమె ఒక్కతే, బదిలీ మీద వచ్చి పైన నేనొక్కదాన్ని. పొద్దుగూకగానే ఆమె వాకిట్లో చాప పరిచి ప్రార్థన చేసుకునేది. ఆమేన్ అన్న వెంటనే తల పైకెత్తి, "తిన్నవా బిడ్డా?" అని కేకేసేది. ఆఫీసులో అందరూ నన్ను మేడం అంటారు. తిన్నానో లేదో అడిగే మనిషి మాత్రం ఈమె ఒక్కతే.

ఎండలు ముదిరేసరికి గది పెనంలా కాలింది. ఏసీ పెట్టుకుంటానంటే ఒప్పుకుంది గానీ, వేలు చూపించి మరీ షరతులు చెప్పింది.

"గోడ పలగ్గొట్టద్దు. గ్రిల్ కొయ్యద్దు, స్క్రూలిప్పి నాకియ్యి, నువ్వు పొయ్యేటప్పుడు మళ్ల బిగిద్దాం. కింద ఇనుప స్టాండు గట్టిగుండాలె. మిషిన్ జర బయటికి వంగుండాలె, లేకుంటే నీళ్లు లోపలికొస్తయి. పక్కోళ్ల గోడ మీద పడితే లొల్లి. పైపేసి మల్లెచెట్టుకు పెట్టు."

బిగించడానికి మెకానిక్ వచ్చిన రోజు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని అతనికి చెమటలు పట్టించింది. చుట్టూ సందులన్నీ చెక్కతో మూయించింది. "సందుంటే సల్లదనం ఆగదు" అంది. నేనూ తలూపాను.

ఆ సాయంత్రం హాయిగా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. చీకటి పడింది. మిషన్ హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఆమె పిలిచిందో లేదో కూడా తెలియలేదు.

ప్రతి ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక కూర గిన్నెతో పైకొచ్చి, మంచం మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పిగానీ వెళ్లేది కాదు. ఈసారి గిన్నె గుమ్మం బయట కనిపించింది. కూర చల్లారిపోయింది. కిందికి వెళ్లి, తలుపు ఎందుకు కొట్టలేదని అడిగాను.

"తలుపు తీస్తే సల్లదనమంత పోదా బిడ్డా? కరెంటు బిల్లు కట్టేది నువ్వే కదా!"

కోపంతో మానేసి ఉంటే బతిమాలుకునేదాన్ని. నా మేలు కోరి రావడం మానేసిన మనిషిని ఏమని బతిమాలను? గదికి వచ్చి తలుపు వేసుకుని, ఆ చల్లటి గాలిలో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం మిషన్ ఆపేసి కిందికి దిగాను. ఆమె అప్పుడే ప్రార్థన ముగించింది.

"ఏమైంది బిడ్డా? ఏసీ ఖరాబైందా?"

ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానని చెప్పాలి. ఈ వయసులో ఆ మాట నోరు దాటి రాలేదు.

"అవునాంటీ" అన్నాను.

ఆమె చాప మీద పక్కకు జరిగింది. "అయితే అది బాగయ్యేదాంక ఈడనే కూసో."

ఆ ఎండాకాలమంతా నేను మెకానిక్‌ని పిలవలేదు.