ప్రేమికులంతా అంచుకి!

మా తాత దోన్ హసింతో ఫోటో తీసే ముందు పెట్టే కేకకి చూరు మీది పావురాలు కూడా సర్దుకుని నిలబడేవి. "ప్రేమికులంతా అంచుకి!" అదీ ఆ కేక. మెక్సికోలోని మా వెరాక్రూస్ కొండల్లో ఏ ఇంట్లో కుటుంబమంతా ఫోటోకి నిలబడ్డా, ఇంటి పిల్ల వెంట కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి చివరికి తోస్తారు. రేపు వ్యవహారం చెడితే కత్తెరతో తీసేయడం సులువని. అందరూ నవ్వుతారు, ఆ కుర్రాడూ నవ్వుతాడు, కానీ చివరికే పోతాడు.

తాత కూడా ఒకప్పుడు అలా చివర నిలబడ్డవాడే, అమ్మమ్మ చోన వాళ్ళింట్లో. కాఫీ పళ్ళు కోసే కూలీల కుర్రాడు వాళ్ళ నాన్నకి నచ్చలేదు. ఫోటో చేతికొచ్చిన రోజే కత్తిరించి పారేశాడు. అమ్మమ్మ ఆ ముక్కని చెత్తలోంచి ఏరి దాచి, పెళ్ళయ్యాక పిండి జిగురుతో అతికించింది. ఇప్పటికీ వంటింటి గోడ మీదుంది. అతుకుకి అవతల తాత ఒక పక్కకి ఒరిగి ఉంటాడు.

"అప్పటికే తాగున్నావా తాతా?" అంటే, "మీ అమ్మమ్మకి గీత తిన్నగా పెట్టడం రాదే బక్కదానా," అనేవాడు.

ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ జ్ఞానస్నానాలూ ఆయనే తీశాడు. తన పెళ్ళి ఫోటో కూడా తనే తీసుకున్నాడు, అందుకే దాంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. ఇంటింటి గోడ మీదా ఆయన తీసిన ఫోటో ఉంటుంది. ఆయన ఉన్న ఫోటో మాత్రం ఆ అతుకుల ఫోటో ఒక్కటే.

డిజిటల్ కెమెరాలొచ్చి ఎవరికి వాళ్ళే తీసుకోవడం మొదలెట్టాక తాతకి పని పోయింది. అప్పట్నుంచి బుధవారాలు కళాభవనంలో కొత్తవాళ్ళకి నేర్పడం మొదలెట్టాడు. "ఎలాగూ తీస్తారు. తలకాయల్లోంచి కరెంటు స్తంభాలు మొలవకుండానైనా తీయండర్రా," అనేవాడు.

పాఠం పిల్లితో మొదలయ్యేది. నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు గీసి సున్నాలూ ఇంటూలూ వేసే ఆటని మావాళ్ళు పిల్లి అంటారు. కెమెరా తెర మీద ఆ గీతలు పెట్టించి, "ఇవి కలిసే చోట్లు పిల్లి పాదాలు. మనిషిని ఒక పాదం మీద నిలబెట్టు. నట్టనడుమ పెడితే గుర్తింపు కార్డవుతుంది," అనేవాడు. మనిషి ఎటు చూస్తుంటే అటు ఖాళీ వదలమనేవాడు, లేకపోతే పాపం అంచుకి ముక్కు గుద్దుకుంటుందట. ఇక ఫోటో అంచు ఎవరి కీలు మీదైనా పడిందో, చచ్చామే. "మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా కోస్తార్రా ఎవరైనా? ఇది ఫోటోనా, కసాయి కొట్టా?" కసాయి కొట్టుకి ఉదాహరణలన్నీ నా ఫోటోలే. అందుకే నేను మానేశాను.

మానకుండా నిలిచింది యదీరా. జ్ఞానస్నానం నాడు తాత చేతుల్లో ఏడ్చిన పిల్ల. ఆయనే దానికి జ్ఞానతండ్రి, 'పద్రినో'. తన మొదటి డిజిటల్ కెమెరా దాని మెళ్ళో వేశాడు. మోకాళ్ళు పట్టేసిన బుధవారాల్లో తన బదులు దాన్నే పంపేవాడు.

క్లాసు పెట్టి ఇరవై ఏళ్ళయిందని కళాభవనం గుమ్మానికెదురుగా అందరి ఫోటో ఒకటి పెద్దది పెడతామన్నారు. తాత మీసానికి రంగేశాడు. దిండుకీ వేశాడు.

ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది. వరండాలో యదీరా కెమెరాని స్టాండు మీద బిగించి, "పద్రినో, మీరు ఎడమ చివరికి రండి," అంది.

రొట్టెల కొట్టు నికానోర్ గొంతు మార్చి "ప్రేమికులంతా అంచుకి!" అని అరిచాడు. అందరూ ఒకటే నవ్వు.

"ఎవరి ప్రేమికుణ్ణే నేను?" అన్నాడు తాత.

"మా అందరి ప్రేమికుడే! వరుసంతా వంపు తిరిగి మీ దగ్గర ఆగుతుంది పద్రినో. చూసేవాళ్ళ కన్ను తిన్నగా మీ మీదికే వస్తుంది."

"విన్నావా బక్కదానా? నా పాఠం నాకే చెబుతోంది," అంటూ మురిసిపోయి, నికానోర్ భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. యదీరా మీట నొక్కి పరుగెత్తుకొచ్చి వరుసలో కలిసింది.

ఫోటో మీది గుడ్డ తొలగించిన నాడు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఫోటోలో ఎడమ చివర నికానోర్ ఉన్నాడు. వాడి భుజం మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యి ఒక్కటే. సరిగ్గా పిల్లి పాదం మీద యదీరా నవ్వుతోంది. ఆ నవ్వు పక్కనే నిలబడి కళాభవనం డైరెక్టరుగారు, వచ్చే బుధవారం నుంచి క్లాసు యదీరా మేడమ్‌దని ప్రకటించారు. తాతకి ఆ మాట అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

తాత కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు.

"మణికట్టు దగ్గర కోశావమ్మా," అన్నాడు.

యదీరా మొహం ఎర్రబడింది. "చట్రం సరిపోలేదు పద్రినో..."

"కుడివైపు ఇంత గోడ వదిలావు కదా?"

"నేను అటు చూస్తున్నాను. చూసే వైపు ఖాళీ వదలమని మీరే చెప్పారు."

బయట ఆ రోజూ జల్లే. తాత టోపీ పెట్టుకుని అందులోకి దిగాడు.

ఇంట్లో అమ్మమ్మ పిండి జిగురు కలపడానికి గిన్నె తీసింది. "రా, నిన్ను మళ్ళీ అతికిస్తాను."

"మీ నాన్న నన్ను ఎరక్క కోశాడే చోనా. ఇది ఎరిగి కోసింది," అన్నాడు తాత. నేను వేళాకోళం ఆడదామనుకుని ఆగాను. మీసం రంగు గడ్డం మీదికి కారుతోంది. జల్లువల్లేనని అన్నాడు.

తాత కళాభవనం వైపు మళ్ళీ వెళ్ళలేదు. కాని అమ్మమ్మ పుట్టినరోజు వచ్చింది, యదీరా ఎప్పట్లాగే మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలెల గిన్నె పట్టుకుని వచ్చింది. తాత ఫోటో తనే తీస్తానన్నాడు. అమ్మమ్మ కెమెరా లాగేసి నా చేతిలో పెట్టింది. అలా తాత మొదటిసారి నట్టనడుమ నిలబడ్డాడు, అచ్చం గుర్తింపు కార్డులాగే. యదీరా అలవాటుగా ఆయన పక్కకి వచ్చి చెయ్యి పట్టుకోబోయింది.

తాత గొంతు పెంచలేదు. "ప్రేమికులంతా అంచుకి," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. యదీరా గిన్నె ఎక్కడ పెట్టాలో తోచనిదానిలా దాన్ని పట్టుకునే చివరికి నడిచింది. నేను నొక్కేశాను. అమ్మమ్మ మోచెయ్యి తెగింది, ఆ పూట ఎవరూ తిట్టలేదు.

ఆ ఫోటో ఇప్పుడు అతుకుల ఫోటో పక్కనే ఉంది. మేకు కొట్టే ముందు "కత్తెర తేనా తాతా?" అని అడిగాను.

"వద్దు. అలాగే ఉండనీ."

యదీరా ఇప్పటికీ వస్తుంది. తాతని పలకరించడానికంటే ముందు వంటింట్లోకి తొంగిచూసి, గోడ మీద తను ఇంకా ఉన్నదీ లేనిదీ చూసుకుంటుంది.